కప్పు నుండి దిగివచ్చు వేడిమి

వైశాఖమాసపు మధ్యాహ్నమున రేకుల కప్పు క్రింద పనిచేయు మోటారు మెకానిక్కునకు ఒక విషయము అనుభవపూర్వకముగ తెలియును. షెడ్డు రెండు ప్రక్కల తెరచియున్నను, గాలి ధారాళముగ ఆడుచున్నను, అతని నెత్తియు భుజములును మాడుచునే యుండును. నెత్తికి తువాలు చుట్టుకొన్నచో కొంత ఉపశమనము కలుగును. కప్పు క్రింద తాటాకు తడికనో, గోనెపట్టానో కట్టినచో ఆ మంట చాలవరకు తగ్గిపోవును. తడిక గాలిని చల్లబరచదు గదా! మరి అది ఆపినది దేనిని?

వేడెక్కిన గాలి తేలికై పైకి పోవునని ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. అట్లయినచో కప్పు దగ్గర వేడెక్కిన గాలి అక్కడనే నిలిచియుండవలెను. క్రిందనున్న మనిషి తలమీదికి దిగిరాకూడదు. అయినను వేడిమి దిగివచ్చుచున్నది. ఈ చిక్కుముడిని పూర్తిగ విప్పుటకు యూరపు శాస్త్రజ్ఞులకు నూరేండ్లు పట్టెను. విప్పిన పిమ్మట, వేసవిలో మనవారిని బాధించు కప్పు వేడిమినే చలిదేశములవారు తమ కార్ఖానాలలోను, ఇంటి గ్యారేజీలలోను కోరి అమర్చుకొనిరి. అమెరికా, కెనడా దేశములలో ఇంటిని ఆనుకొని కారు కొరకు కట్టుకొను గది గ్యారేజి. చాలమందికి అదియే వడ్రంగపు బల్ల, పనిముట్లు ఉంచుకొను చోటు కూడ. అట్టి గదుల కప్పునకు వ్రేలాడు హీటరు కప్పునకు ఎందుకు ఎక్కినది, ఎక్కిన తరువాత క్రిందివానికి వెచ్చదనమును ఎట్లు అందించుచున్నది అనునవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము మోటారు కారు చరిత్రలోను, రెండవదానికి సమాధానము భౌతికశాస్త్ర చరిత్రలోను కలవు.

పొయ్యి నేర్పిన పాఠము

18వ శతాబ్దమున యూరపులోను, అమెరికాలోను గోడలో కట్టిన నిప్పుగూడే చలికి శరణ్యము. దాని ఎదుట కూర్చున్నవాని మోకాళ్లు మాడుచుండగా వీపు వణకుచుండెడిది. కట్టెల వేడిమిలో అధికభాగము పొగతో కూడ చిమ్నీ వెంట పోయి ఆకాశమును వెచ్చబెట్టెడిది. ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప పలకలతో ఒక క్రొత్త విధమగు పొయ్యిని కల్పించి, దానిని వివరించుచు 1744లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పొగ వెలికి పోవుటకు ముందు దానిలోని వేడిమిని గదిలోని గాలికి ఇప్పించుట అతని ఉద్దేశము. అనగా ఫ్రాంక్లిన్ గాలినే నమ్ముకొనెను.

స్వీడను దేశమున మందుల దుకాణము నడుపుకొనుచు జీవించిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే మరియొక విషయమును గమనించెను. ఆక్సిజనును కనుగొన్నవారిలో ఒకడుగా ఆయన పేరు విద్యార్థులకు పరిచితమే. గాలిని, అగ్నిని గూర్చి 1777లో ప్రకటించిన గ్రంథమున ఆయన తెరచిన పొయ్యి వాకిలి ఎదుట తాను చేసిన పరిశీలనలను వర్ణించెను. పొయ్యి నుండి ముఖమునకు తగులు వేడిమి తిన్నగ వచ్చుచున్నది. అడ్డముగ గాలి వీచినను అది ప్రక్కకు తొలగుట లేదు. తాను దాటివచ్చిన గాలిని అది వేడెక్కించుట లేదు. మెరుగుపెట్టిన లోహపు దర్పణముతో దానిని మరల్చవచ్చును. దర్పణము మాత్రము చల్లగనే యుండును. గాజుపలకను అడ్డుపెట్టినచో వెలుతురు వచ్చును గాని వేడిమి ఆగిపోవును. ఇట్టి వేడిమికి ఆయన 'కిరణరూపమైన ఉష్ణము' అను అర్థమునిచ్చు పేరు పెట్టెను.

రమ్‌ఫర్డ్ ప్రభువు 1796లో నిప్పుగూళ్లను గూర్చి వ్రాయుచు ఈ కిరణములనే పనిలో పెట్టెను. ఆయన పొయ్యి లోతును తగ్గించి, ప్రక్కగోడలను వాలుగ నిలిపి, చిమ్నీ కంఠమును ఇరుకు చేసెను. వాలుగోడలపై పడిన వేడి కిరణములు గదిలోనికి మరలెను. చిమ్నీ ద్వారమున వృథాగ పోవు గాలి తగ్గెను. లండను నగరమున ఎన్నియో ఇండ్లలో పాత పొయ్యిలను ఈ విధముగ మార్పించుకొనిరి.

ఉష్ణము ప్రయాణించుటకు మూడు మార్గములు కలవని నేడు పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. పెనముపై పెట్టిన అట్లకాడ పిడికి వేడి ప్రాకుట వహనము. కాగుచున్న నీరు పైకి క్రిందికి తిరుగుచు వేడిని మోసికొనిపోవుట సంవహనము. నడుమ ఏ పదార్థము యొక్క సహాయమును లేకయే ఉష్ణము కిరణరూపమున పోవుట వికిరణము. సూర్యుని వేడిమి శూన్యమును దాటి భూమిని చేరుట ఈ మూడవ మార్గముననే. వేడిగాలి తేలికయగుటచే పైకే పోవును. వికిరణమునకు బరువుతోగాని, తేలికతోగాని సంబంధము లేదు. పైకి, క్రిందికి, ప్రక్కలకు అది సమానముగ పోగలదు.

ఈ భేదమును తరగతిలోనే చూపవచ్చును. కాగిన ఇస్త్రీపెట్టెను ఉపాధ్యాయుడు బల్లకు జానెడెత్తున పట్టుకొని, విద్యార్థిని తన అరచేతిని పెట్టెకు తగలకుండ దాని క్రింద ఉంచుమనవలెను. వేడిగాలి పైకి పోవుచున్నను చేతికి వెచ్చదనము తెలియును. పెట్టెకును చేతికిని నడుమ ఒక అట్టను జొనిపినంతనే ఆ వెచ్చదనము మాయమగును. అట్టను తీసినంతనే తిరిగి వచ్చును. గాలి ఇంత వేగముగ వేడెక్కి చల్లబడజాలదు.

దర్పణములు, పట్టకము, అంకెలు

షీలే చూచిన వేడిమి మండుచున్న నిప్పు నుండి వచ్చినది. వెలుగు లేని వస్తువుల నుండి కూడ అట్టి కిరణములు వచ్చునా? జెనీవా నగరమునకు చెందిన పిక్టే రెండు పుటాకార దర్పణములను ఎదురెదురుగ నిలిపి, ఒకదాని నాభి వద్ద వేడిచేసిన ఇనుపగుండును, రెండవదాని నాభి వద్ద ఉష్ణమాపకమును ఉంచెను. గుండు చీకటిలో కూడ వెలుగనంతటి వేడి గలది. అయినను ఉష్ణమాపకము వెంటనే పైకెక్కెను. పిమ్మట గుండునకు బదులు మంచుతో నింపిన పాత్రను ఉంచగా ఉష్ణమాపకము దిగిపోయెను! చల్లదనము కూడ కిరణములుగ వచ్చుచున్నదా యని ఆనాటివారికి సందేహము కలిగెను. ఈ ప్రయోగములు 1790లో ప్రకటితమయ్యెను.

ఆ సందేహమును 1791లో తీర్చినవాడు అదే నగరమువాడగు ప్రెవో. ప్రతి వస్తువును, అది ఎంత చల్లనిదైనను, నిరంతరము ఉష్ణకిరణములను వెలువరించుచునే యుండును. ఇతర వస్తువుల నుండి వచ్చు కిరణములను గ్రహించుచునే యుండును. ఉష్ణమాపకము మంచునకు ఎక్కువ ఇచ్చి తక్కువ పుచ్చుకొన్నది, అందుచే చల్లబడినది. ఇది ఇచ్చిపుచ్చుకొనుటలోని లెక్క మాత్రమే. చలికాలమున ఇటుకగోడల గ్యారేజీలో గాలిని ఎంత వెచ్చబెట్టినను పనివానికి వణకు తగ్గకపోవుటకు కారణము ఇదియే. అతని దేహము చల్లని గోడలకును, నేలకును ఎక్కువ ఇచ్చుచు తక్కువ పుచ్చుకొనుచున్నది.

1800 సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకముచే విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకమునుంచి వేడిమిని కొలిచెను. ఎరుపు రంగునకు ఆవల, కంటికేమియు కనిపించనిచోట, ఉష్ణమాపకము మరింత ఎక్కెను. ఆ అదృశ్య కిరణములకే తరువాత పరారుణ కిరణములను పేరు వచ్చెను. 1804లో జాన్ లెస్లీ లోహపు ఘనమొకదానిని వేడినీటితో నింపి, దాని ముఖములకు వేరువేరు పూతలు పూసెను. మసిపూసిన ముఖము, మెరుగుపెట్టిన ముఖముకంటె ఎన్నో రెట్లు ఎక్కువగ ఉష్ణమును వెలువరించెను. ముఖములన్నియు ఒకే వేడినీటితో కాగినవే, భేదము ఉపరితలములోనిది.

మిగిలినది లెక్క. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ 1879లో దానిని పూరించెను. నల్లని వస్తువు వెలువరించు వికిరణము దాని పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతమునకు అనుపాతముగ నుండును. 1884లో బోల్ట్‌జ్‌మాన్ ఈ నియమమును సిద్ధాంతరీత్యా నిరూపించెను. 27 డిగ్రీల సెంటిగ్రేడు అనగా సుమారు 300 పరమ డిగ్రీలు. ఒక వస్తువును 327 డిగ్రీలకు కాచినచో పరమ ఉష్ణోగ్రత రెట్టింపై 600 అగును, వికిరణము 16 రెట్లగును. 627 డిగ్రీలకు కాచినచో పరమ ఉష్ణోగ్రత మూడురెట్లు, వికిరణము 81 రెట్లు! గదిలోని గాలికంటె కొలదిపాటి వేడిగనున్న పెద్ద గొట్టము గాలిని వెచ్చబెట్టును. బాగుగ కాగిన చిన్న గొట్టము కిరణములను ఎక్కువగ చిమ్మును.

మెకానిక్కు చిక్కు కూడ ఇచటనే విడుచున్నది. ఎండలో రేకు 60 డిగ్రీలకు కాగినదనుకొందము. 30 డిగ్రీల వద్ద నున్న కప్పు చిమ్ము వికిరణముకంటె అది చిమ్మునది దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ కిరణములు గాలిలో ఆగక అతని నెత్తిపై పడుచున్నవి. తడిక వాటికి అడ్డు నిలిచినది.

మోటారు కారునకు గూడు

ఇక మొదటి ప్రశ్న. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు పొందిన సంవత్సరము 1886. 1908లో ఫోర్డు సంస్థ ప్రవేశపెట్టిన మోడల్ టీ కారు 1927 నాటికి కోటి ఏబది లక్షల సంఖ్యలో తయారయ్యెను. గుఱ్ఱపుసాలలు పోయి వాటి స్థానమున ఇండ్ల ప్రక్క గ్యారేజీలు వెలసెను. గుఱ్ఱమునకు తన వెచ్చదనము తనకు కలదు. కారునకు లేదు. ఆనాటి ఇంజనులను చల్లబరచునది నీరు. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగును. రాత్రి నీటిని తీసివేయుట మరచినచో తెల్లవారునప్పటికి ఇంజను పోతయినుము పగిలియుండెడిది. గడ్డకట్టుటను నిరోధించు ఎథిలీన్ గ్లైకాల్ 1920లలో గాని వాడుకలోనికి రాలేదు. దానికి తోడు, కారు క్రింద వెల్లకిల పడుకొని మరలు బిగించువానికి వ్రేళ్లు కొంకర్లు పోవుచుండెను. అందుచే గ్యారేజీని వెచ్చబెట్టుట అవసరమయ్యెను.

కాని గ్యారేజీలో పొయ్యి పెట్టుట ప్రమాదము. పెట్రోలు సుమారు −40 డిగ్రీల వద్ద కూడ అంటుకొనదగినంత ఆవిరిని విడుచును. మంచు కురియుచున్నను ఈ గుణము పోదు. ఆ ఆవిరి గాలికంటె 3, 4 రెట్లు బరువైనది. ఒలికిన పెట్రోలు నుండి లేచిన ఆవిరి నేలనంటుకొని నీటివలె ప్రాకి, గది మూలనున్న మంటను చేరుకొనును. నూరు పాళ్ల గాలిలో పాలున్నర ఆవిరి కలిసినను అంటుకొనుటకు చాలును. మంట ఆ త్రోవనే వెనుకకు పరుగెత్తి, ఒలికినచోటికి వచ్చును. ఆవిరి కంటికి కనిపించదు గనుక మనిషికి హెచ్చరిక ఉండదు. అందుచే గ్యారేజీలలో మంటగాని, నిప్పురవ్వ పుట్టించు భాగముగాని నేలకు కనీసము 18 అంగుళముల ఎత్తున, అనగా సుమారు 46 సెంటీమీటర్ల ఎత్తున నుండవలెనని అమెరికాలో నియమము ఏర్పడెను. కప్పునకు వ్రేలాడదీసినచో ఈ నియమము సులభముగ నెరవేరును; నేలపై చోటు మిగులును; కారు వెనుకకు వచ్చుచు హీటరును ఢీకొనదు. హీటరు కప్పునకు ఎక్కుటకు కారణములు ఇవి. అందులో వెచ్చదనమునకు సంబంధించిన కారణము ఒక్కటియు లేదు!

పైకెక్కిన పొయ్యి

పైకెక్కిన హీటరు క్రిందివానిని వెచ్చబెట్టుటకు రెండు ఉపాయములు కల్పించిరి. వేడిగాలిని బలవంతముగ క్రిందికి త్రోయుట మొదటిది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, రసీన్ పట్టణమున 1916లో స్థాపితమైన మోడైన్ సంస్థ ట్రాక్టర్లకును, కార్లకును రేడియేటర్లు తయారుచేయుచుండెను. సన్నని గొట్టములకు రేకులు తొడిగి, వెనుక పంకా నిలిపినచో లోపలి వేడినీరు తన వేడిమిని గాలికి ఇచ్చును. కారులో ఆ వేడిగాలి వృథాగ పోవును. 1920లలో ఆ సంస్థ స్థాపకుడు ఆర్థర్ మోడైన్ అదే అమరికను భవనములను వెచ్చబెట్టుటకు మలచెను. ఇట్టి యూనిట్ హీటర్లు కార్ఖానాల కప్పులకు ఎక్కెను. పిమ్మట గ్యాసుతోను, విద్యుత్తుతోను పనిచేయునవి, ఇంటి గ్యారేజీకి తగినంత చిన్నవి వచ్చెను. రేడియేటరనగా వికిరణము చేయునదని అర్థము. కాని కారు రేడియేటరు చేయు పనిలో అధికభాగము సంవహనమే. పేరు మాత్రము నిలిచిపోయినది.

ఈ పద్ధతిలో ఒక లోపము కలదు. 50 డిగ్రీల గాలి, 20 డిగ్రీల గాలికంటె నూటికి 9 వంతులు తేలికైనది. పంకా దానిని క్రిందికి త్రోసినను, వేగము తగ్గినంతనే అది కప్పునకు చేరును. పని బల్ల వద్ద చలి, కప్పు దగ్గర వేడి. గ్యారేజి తలుపు తీసినచో ఆ వేడి కూడ బయటికి పోవును.

రెండవ ఉపాయము వికిరణము. బ్రిటనులో ఆర్థర్ బార్కర్ 1907లో గోడల పూతలోను, కాంక్రీటులోను సన్నని వేడినీటి గొట్టములను పూడ్చి గదులను వెచ్చబెట్టవచ్చునని కనుగొనెను. కప్పు పూతలో గొట్టములను దాచిన భవనములు ఆ దేశమున పెక్కు వెలసెను. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందిన నికెల్, క్రోమియముల మిశ్రలోహము ఎఱ్ఱగ కాగినను తుప్పుపట్టి రాలిపోదు. నిక్రోమ్ జాతికి చెందిన ఈ తీగయే విద్యుత్ హీటర్లకు ప్రాణము. 1930లలో ఫోర్డు కార్ఖానాలో కార్ల రంగును త్వరగ ఆరబెట్టుటకు పరారుణ దీపములను వాడిరి. 1960ల నుండి పెద్ద షెడ్లలో గ్యాసుతో కాగు పొడవైన గొట్టములు వ్యాప్తిలోనికి వచ్చెను. అట్టి గొట్టమునకు ఒక చివర మంట, మరియొక చివర పొగను లాగు పంకా ఉండును. గొట్టము నల్లనిది. దానిపైన మెరుగుపెట్టిన అల్యూమినియము రేకు బోర్లించిన దోనెవలె కప్పియుండును. నల్లని ముఖము ఎక్కువగ వెలువరించును, మెరుగు ముఖము కిరణములను మరల్చును. 1804 నాటి లెస్లీ ఘనపు ముఖములు రెండును ఇందులో కలిసి పనిచేయుచున్నవి.

ఈ పద్ధతి వలన కలుగు లాభమును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల గ్యారేజీలో గాలి సుమారు 110 కిలోగ్రాములుండును. దానిని 20 డిగ్రీలు పెంచుటకు 2,200 కిలోజౌళ్లు చాలును. 5 కిలోవాట్ల హీటరు, నష్టములను లెక్కింపకున్నచో, ఏడెనిమిది నిమిషములలో ఆ పని చేయగలదు. 10 సెంటీమీటర్ల మందము గల కాంక్రీటు నేలను అంతే పెంచుటకు సుమారు 1,52,000 కిలోజౌళ్లు కావలెను. అదే హీటరునకు 8 గంటలకు పైగా పట్టును. గాలిలో దాచిన వేడిమి తలుపు తీసినంతనే పోవును. కిరణములు నేలలోను, పనిముట్లలోను దాచిన వేడిమి అరువది రెట్లకు మించినది; తలుపు మూసిన తరువాత అది తిరిగి గాలిని వెచ్చబెట్టును. నేల వేడెక్కులోపల కూడ కిరణముల క్రింద నిలిచినవానికి వెచ్చదనము వెంటనే తెలియును.

ఇందును లోపములు లేకపోలేదు. వెలుతురునకు వలెనే వేడి కిరణమునకు కూడ నీడ కలదు. బల్ల క్రిందనున్న కాళ్లకు కిరణములు తగులవు. హీటరు మరీ దగ్గరగ నున్నచో నెత్తి మాడును, పాదములు చల్లగ నుండును. నిప్పుగూడు ఎదుట కూర్చున్న వెనుకటివాని అవస్థయే తలక్రిందులుగ వచ్చును.

వాసన లేని శత్రువు

మంటను పైకెక్కించుటచే ఒక ప్రమాదము తగ్గినది. రెండవది మిగిలినది. గాలి చాలక అసంపూర్ణముగ మండు ఇంధనము కార్బన్ మోనాక్సైడును విడుచును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ఆక్సిజనుకంటె దీనిని 200 రెట్లకు మించిన గట్టితనముతో పట్టుకొనును. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ ఈ వాయువును తానే పీల్చి, తనకు కలిగిన లక్షణములను 1895లో ప్రకటించెను. తలనొప్పి, ఆయాసము, కాళ్లలో సత్తువ పోవుట క్రమముగ వచ్చును. లేచి తలుపు తీయవలెనని తోచునప్పటికి లేచుటకు శక్తి ఉండదు. గనులలో పనివారికంటె ముందుగ ఈ వాయువునకు లొంగు చిన్న ప్రాణులను హెచ్చరికగా తీసికొనిపోవలెనని ఆయన సూచించెను.

మోటారు కార్లు పెరిగిన పిమ్మట ఈ శత్రువు గనుల నుండి గ్యారేజీలకు వచ్చెను. న్యూయార్కు నగరమున హడ్సన్ నది క్రింద కార్ల కొరకు సొరంగము త్రవ్వునపుడు, యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన యాండెల్ హెండర్సన్ మనుష్యులు ఎంత మోనాక్సైడును సహింపగలరో ప్రయోగముచే నిర్ణయించెను. 10,000 పాళ్ల గాలిలో 4 పాళ్లకు మించరాదని తేలెను. 1927లో తెరువబడిన ఆ సొరంగమున 84 పంకాలు ఒకటిన్నర నిమిషమున కొకసారి గాలినంతయు మార్చునట్లు ఏర్పాటు చేసిరి. ఇంటి గ్యారేజీకి అంతటి పంకాలుండవు. అందుచే గ్యాసు హీటరు పొగను గొట్టము ద్వారమున గోడ వెలుపలికి పంపుట ముఖ్యమయ్యెను. మండుటకు కావలసిన గాలిని కూడ వెలుపలినుండియే తీసికొని, గదిలోని గాలితో సంబంధము లేకుండ మండు హీటర్లు ఆ తరువాత వచ్చెను. గదిలోని పెట్రోలు ఆవిరి మంటను చేరదు, మంటలోని విషవాయువు గదిని చేరదు.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. మన్యపు చలిలో తలుపులు బిగించుకొని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట కూడ ఇట్టి ప్రమాదమే. పొగ లేదు గదా యని నమ్మరాదు. ఎఱ్ఱని బొగ్గులు పొగ లేకయే ఈ వాయువును విడుచును. చలిదేశములలో స్థిరపడిన తెలుగువారు గ్యారేజీలో కుంపటిని వెలిగించుటగాని, తలుపు మూసి కారు ఇంజనును నడుపుటగాని ఎన్నడును చేయరాదు.

అమర్చుటలోని శాస్త్రము

హీటరును అమర్చువాడు చేయు పనులలో ప్రతిదానికిని పై చరిత్రలో ఒక కారణము కలదు. కప్పునకు అంటించిన జిప్సం పలక బరువు మోయజాలదు. పొడవైన మరలు పైనున్న దూలములలోనికి దిగవలెను. కొయ్యకును హీటరునకును నడుమ తయారీదారు చెప్పినంత ఎడముండవలెను. ఏలనగా కిరణము నడుమ గాలిని వేడిచేయకయే కొయ్యను కాల్చగలదు. చలిదేశపు గ్యారేజి తలుపు పైకి దొర్లి కప్పు క్రింద పరుచుకొనును. తలుపు తెరచినపుడు అది హీటరు క్రిందికి వచ్చినచో, కిరణములు తలుపును కాచునే గాని మనిషిని చేరవు. కారు పైభాగము, పెట్రోలు డబ్బాలు కిరణముల త్రోవలో నుండరాదు. గోడను గాక, పనిచేయువాడు నిలుచు చోటును చూచునట్లు హీటరును వంచవలెను.

విద్యుత్ హీటరునకు మరియొక లెక్క కలదు. అమెరికా ఇండ్లలో గోడ సాకెట్టు 120 వోల్టులది. దానిపై సుమారు 1,500 వాట్ల హీటరే నడచును. 5,000 వాట్ల కప్పు హీటరునకు 240 వోల్టుల ప్రత్యేకమైన తీగ కావలెను. 5,000ను 240చే భాగించినచో సుమారు 21 ఆంపియర్లు వచ్చును. గంటల తరబడి నడచు హీటరు గనుక నాలుగవ వంతు అధికముగ లెక్కించి, 26 ఆంపియర్లకు తగిన తీగయు, 30 ఆంపియర్ల బ్రేకరును పెట్టుదురు. గ్యాసు హీటరైనచో కీళ్ల వద్ద సబ్బునురుగు పూసి బుడగలు వచ్చునేమో చూచెదరు. ఇచట ఒక మెలకువ అవసరము. పెట్రోలు ఆవిరియు, ప్రొపేను వాయువును బరువైనవి, నేలను చేరును. సహజవాయువులోని మీథేను గాలికంటె తేలికైనది, కప్పునకే చేరును. అందుచే మంట ఎత్తున నున్నంత మాత్రమున గొట్టములోని లోపమును ఉపేక్షింపరాదు.

వైశాఖమున రేకుల షెడ్డులో పనిచేయువానికి కావలసినది దీనికి సరిగ వ్యతిరేకము. చలిదేశపువాడు కప్పును కాచుకొనును, ఇతడు కప్పు కాగకుండ చూచుకొనవలెను. సాధనము మాత్రము ఒక్కటియే. రేకు పైభాగమున సున్నముగాని, తెల్లని పూతగాని వేసినచో సూర్యకాంతిలో అధికభాగము మరలిపోవును. రేకు ఉష్ణోగ్రత తగ్గును. నాలుగవ ఘాతపు నియమము ప్రకారము దాని క్రిందికి దిగు వికిరణము అంతకంటె వేగముగ తగ్గును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలమైన శాస్త్రము ఇదియే. పాఠశాలకు సమీపమున రెండు రేకుల షెడ్లున్నచో, ఒకదానికి సున్నము వేయించి, మధ్యాహ్నము రెండింటి రేకుల క్రిందను ఉష్ణమాపకము నుంచి విద్యార్థులే అంకెలు వ్రాసికొనవచ్చును.